ముప్పావులో అర పోతే

ఎపిఫానియాకి యాభై ఎనిమిదేళ్ళ వయసులో చదువు మీద మనసు పుట్టడానికి కారణం సరస్వతీ కటాక్షం కాదు, కడుపుమంట. పక్కింటి సటర్నీనా వయోజనుల బడిలో ఐదో తరగతి గట్టెక్కి, ఆ సర్టిఫికెట్టుకి అద్దం కట్టించి మేరీమాత పటానికి జానెడు పైన వేలాడదీసింది. అది ఎపిఫానియాకి గొంతు దిగలేదు.

తీరా చేరాక తెలిసింది, అక్కడ పాఠం చెప్పేది సొంత కోడలు మారివిక్ అని. అత్త ముందు బెంచీలో కూర్చుని విసనకర్ర ఊపుకుంటుంటే కోడలు నల్లబల్ల వైపు తిరిగే పాఠం చెప్పేది.

భిన్నాల తీసివేత రోజున నల్లబల్ల మీద ముప్పావులోంచి అర తియ్యమంది మారివిక్. ఎపిఫానియా లేచి వెళ్ళి, పైన మూడులోంచి ఒకటి, కింద నాలుగులోంచి రెండు తీసేసి, రెండింట రెండు, అంటే ఒకటి అని తేల్చి చేతులు దులుపుకుంది.

"అత్తా, హారాలు వేరుగా ఉన్నాయి కదా!"

"నా మెడలో ఒక్కటే లేదు, నీకు రకరకాల హారాలెందుకే?"

బడంతా గొల్లుమంది.

"ముప్పావు రొట్టెలోంచి అర తీసేస్తే నిండు రొట్టె మిగులుతుందా?"

"ఎందుకు మిగలదు? ప్రభువు ఐదు రొట్టెలతో ఐదువేలమందికి పెట్టలేదూ? ఆయన్ని ఎవరైనా హారాలడిగారా?"

మారివిక్ నల్లబల్ల తుడిచేసింది.

ఆదివారం చర్చిలో పూజ నుంచి వస్తూ మారివిక్ కొబ్బరి వేసి కాల్చిన బిబింకా రొట్టె కొని తెచ్చి నాలుగు ముక్కలు చేసింది. ఒకటి మామగారు నోట్లో వేసుకున్నాడు. రెండు తనూ మొగుడూ తినేసి, పళ్ళెం అత్త ముందుకు తోసింది.

"ముప్పావులో అర పోయింది. మీ లెక్కన నిండు రొట్టె ఉంది. కడుపారా తినండి."

ఎపిఫానియా ఆ ఒంటరి ముక్కని చూసింది, కోడల్ని చూసింది. "నోట్లో నాలుక లేదనుకున్నానే నీకు!" అంటూనే ముక్క మింగి, వేళ్ళు నాకి, "సరే, ముప్పావులోంచి మూడో వంతు తియ్యాలంటే? పావు ముక్కల్లోంచి ఎలా వస్తుంది?" అంది.

మారివిక్ వెళ్ళి ఇంకో రొట్టె తెచ్చి పన్నెండు ముక్కలు కోసింది.

"చీమలకా?"

"రెండు లెక్కలూ ఇందులో ఇముడుతాయి. ముప్పావంటే తొమ్మిది ముక్కలు. మూడో వంతంటే నాలుగు. ఇక తీసెయ్యండి."

ఎపిఫానియా మూడు ముక్కలు పక్కన పెట్టి, మిగతా తొమ్మిదిలోంచి నాలుగు వేలితో ఒక్కొక్కటే జరిపింది. ఐదు మిగిలాయి. మళ్ళీ లెక్కపెట్టింది. "అంటే ముందు అందరికీ ఒకే సైజు కోసి, ఆ తర్వాత పంచుకు చావాలన్నమాట! ఈ ముక్క మొదటే చెప్పొచ్చుగా?"

"వారం నుంచీ అదే చెప్తున్నా!"

"నువ్వు లవం, హారం అన్నావు. రొట్టె అనలేదు."

పరీక్షలో ఆరింట ఐదులోంచి ముప్పావు తియ్యమన్నారు. చెమటలు కక్కుతూ పన్నెండులోకి మార్చి తీస్తే పన్నెండింట ఒకటి వచ్చింది. ఇంత గొడ్డుచాకిరీకి ఇంతేనా మిగిలేదని అనుమానమొచ్చి కాపలా మాస్టారినే అడిగింది. ఆయన నోరు మూసుకోమన్నాడు. ఆయన మీది కోపంతో దిద్దకుండా అలాగే ఇచ్చేసింది. అదే సరైన జవాబు.

పాసయ్యానని తెలిసిన సాయంత్రం వీధంతా వినిపించేలా కోడల్ని కావలించుకుంది. మారివిక్ కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో అత్త తనని ముట్టుకోవడం అదే మొదలు.

"హైస్కూలుకి కూడా పేరిచ్చేశానే. నాలుగేళ్ళట. లెక్కలు నువ్వే చెప్తావటగా?"

మారివిక్ అలాగే గుమ్మంలో కూలబడింది.