తాడుకు రెండో కొస

"యాంకర్లు కావాలి" అని మేమడిగితే, "ఏ ఛానల్ వాళ్ళు?" అన్నాడు మేనేజరు. ఆఫీసు గదిలో ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. సిగ్గులేకుండా మేమూ నవ్వాం. వారం తిరక్కుండానే, బల్లిలా అతుక్కుని అద్దాలు తుడుస్తాడని మేం బల్లి బావ అని పిలిచే మా అక్క మొగుడు పద్నాలుగో అంతస్తు నుంచి రాలిపోయాడు.

మేమడిగిన యాంకరు మైకు పట్టుకునేది కాదు, మనిషిని పట్టుకునేది. డాబా శ్లాబులోకి దించి బిగించే ఉక్కు కడియం. ఒక కడియానికి మేం కూర్చుని దిగే తాడు, ఇంకో కడియానికి ప్రాణతాడు. మొదటిది తెగితే రెండోది ఆపుతుంది. ఇరవై రెండంతస్తుల ఆ అద్దాల మేడలో కంపెనీలు నలభై ఉన్నాయి గానీ, డాబా మీద కడియం ఒక్కటీ లేదు. నీళ్ళ ట్యాంకు పైపుకి తాడు కట్టుకుని దిగేవాళ్ళం. దిగజారడం మా వృత్తి, ఒప్పుకుంటాం. కానీ మాకంటే దిగజారినవాళ్ళు పైగదుల్లో కుర్చీలేసుకుని కూర్చునేవాళ్ళు.

ప్రాణతాడు బొత్తిగా లేదంటే కళ్ళు పోతాయి. ఒకటుంది. భద్రతా తాడు కదా, మేనేజరు బీరువాలో భద్రంగా ఉండేది. నెలకోసారి, ఒళ్ళు నలగని పెళ్ళికొడుకులా తెల్లగా బయటికొచ్చేది. మేస్త్రీ దాన్ని ఒకడి నడుము నుంచి విప్పి ఇంకొకడి నడుముకి తగిలించి, తనిఖీవాళ్ళకి చూపించడానికి ఫొటోలు తీసేవాడు. తాడు ఒకటి, నడుములు పదకొండు. దానికి ఫొటో తాడని పేరు పెట్టి మేమే జోకులేసుకునేవాళ్ళం.

ఆ రోజు తుప్పు పట్టిన పైపు మొదలంటా ఊడింది. బావ అద్దాన్ని బయటినుంచి తుడుస్తున్నాడు. అదే అద్దాన్ని లోపలినుంచి మా అక్క తుడుస్తోంది. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఆ మేడలోనే పని, ఇద్దరి మధ్యా వేలెడు మందం అద్దం. ఇవతల ఆమె చెయ్యి గుడ్డ మీదే ఉంది. అవతల చెయ్యి లేదు.

ఆమె పద్నాలుగంతస్తుల మెట్లూ దిగి వచ్చేసరికి శవం మీద పట్టా కప్పేశారు. గొట్టంతో నీళ్ళు కొడుతున్నారు. మేనేజరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, బూట్లకి తడి తగలకుండా మునివేళ్ళ మీద నిలబడి, "గేటు వైపు మరక పోలేదు, అక్కడింకా కొట్టు" అంటున్నాడు.

సాయంత్రం అందరం సెల్లారులో బకెట్లు పెట్టుకునే గదిలో చేరాం. మేస్త్రీ ఒక కాగితం తెచ్చాడు. "రక్షణ తాడు ఇచ్చాం. మృతుడు తనంతట తానే విప్పేశాడు" అని రాసుంది. పక్కన ఫొటో. నడుముకి తెల్లతాడుతో బావ పళ్ళికిలిస్తున్నాడు.

"సంతకం పెట్టమ్మా. మీరూ సాక్షులుగా పెట్టండర్రా. పొద్దున్నే దిగాలి. ఎల్లుండి పెద్దవాళ్ళొస్తున్నారు, అద్దాల నిండా పావురాల రెట్టలు."

"ఇవాళ మనిషి, రేపు రెట్టలు. నీకు రెండూ ఒకటేనా మేస్త్రీ?" అన్నాను.

"నాకేంట్రా, పైవాళ్ళు చెప్పింది చెప్తున్నా."

మాలో అందరికంటే పాతవాడు పెద్దాయన. తల గోక్కుంటూ, "పెట్టేద్దామర్రా" అన్నాడు. "పోయినోడెలాగూ రాడు. ఉన్నోళ్ళ కడుపులున్నాయి."

"లేదు పెద్దాయనా, తాడో పేడో తేల్చుకోవాల్సిందే!" అన్నాను.

"తాడేదిరా మనకి? మిగిలింది పేడే."

ఎవరూ నవ్వలేదు. అక్క మాత్రం మా మాటలు వినడం లేదు. ఫొటోని బల్బు దగ్గరగా పెట్టుకుని చూస్తోంది.

"ఒరే తమ్ముడూ, ఈ తాడు ఇటు కొస ఆయన నడుముకుంది. అటు కొస ఎక్కడుందిరా?"

ఆమె వేలు తాడు వెంటే జరిగి ఫొటో మూల దగ్గర ఆగింది.

"ఈ మూల బూటు ముక్కు కనబడుతోంది. పసుపు లేసు. ఎవరిదిరా?"

నా కాళ్ళవైపే చూస్తూ అడిగింది.

"నాదే అక్కా. తాడు వేలాడితే ఫొటోలో బాగోదన్నాడు మేస్త్రీ. బిగుతుగా కనబడాలని కొసని తొక్కిపట్టుకున్నా."

"మీ బావ తాడుని నువ్వా?"

"బావ ఫొటోకి నేను. నా ఫొటోకి బావ."

"థూ!" అంది అక్క. ఎవరినని చెప్పలేదు. గదిలో అందరికీ సరిపోయింది. ఎక్కువ నాకే అంటుకుంది.

"ఈ ముక్క రేపు అందరి ముందూ చెప్తావా?"

"చెప్పాడంటే పని పోతుంది" అన్నాడు మేస్త్రీ. "దొంగ ఫొటోలో వాటా ఉంది గనక జైలుకీ పోతాడు."

"పోతాను" అన్నాను.

అప్పుడు పెద్దాయన లేచాడు. "ఒరేయ్, నా ఫొటోకి తొక్కింది ఎవర్రా?" అన్నాడు. మూలనుంచి ఒక చెయ్యి లేచింది. "మరి నీ ఫొటోకి?" ఇంకో చెయ్యి. పది చేతులూ లేచేదాకా అడుగుతూనే ఉన్నాడు. మేస్త్రీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పొద్దున్నే పదిమందిమీ డాబా ఎక్కాం, దిగడానికి మాత్రం కాదు. లోపల తుడిచే ఆడవాళ్ళు కర్రగుడ్డలు పక్కన పడేసి అక్క వెనక వచ్చారు. కంపెనీల వాళ్ళు తమాషా చూడ్డానికొచ్చారు. మేనేజరు ఇద్దరు పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చి, బీరువాలోంచి తెచ్చిన తెల్లతాడు కింద పెట్టి, ఫొటోలు పేకముక్కల్లా విప్పి చూపించాడు.

"ఇదిగో ఆధారం! ప్రతివాడికీ తాడు ఇచ్చాం!"

నేను గొంతు చించుకుని చెప్పాను. బీరువా సంగతి, పదకొండు నడుముల సంగతి, నా కాలికింద కొస సంగతి. బావ ఫొటో అందుకుని, మూల కనిపించే బూటుని నా బూటు పక్కన పెట్టి పోలీసులకి చూపించాను. తమాషాకొచ్చిన వాళ్ళలో ఒకావిడ ఫొటో అందుకుని చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అబద్ధం! తాడు మంచిది, కొత్తది!" అని మేనేజరు అరిచాడు.

పెద్దాయన ఆ తెల్లతాడు తీసి మేనేజరు ముందు పట్టాడు. "అంత మంచిదైతే కట్టుకోండి సార్. పద్నాలుగో అంతస్తు దాకా దిగొద్దాం."

మేనేజరు పిట్టగోడ అవతలికి చూశాడు. పెదాలు తడుపుకున్నాడు.

"రెండో కొస... దేనికి కడతారు?"

ఇన్నేళ్ళలో ఆయన ఆ ప్రశ్న వేయడం అదే మొదటిసారి.

"దేనికీ కట్టం సార్" అన్నాను. "నేను తొక్కిపట్టుకుంటా."

మేనేజరు మూడడుగులు వెనక్కి వేశాడు. అందరూ చూశారు. దొంగ ఫొటోలో వాటా నేనే ఒప్పుకున్నానంటూ పోలీసులు నా రెక్క పట్టుకున్నారు. మెట్ల తలుపుకి అడ్డంగా అక్క బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆడవాళ్ళు కూర్చున్నారు, మావాళ్ళు కూర్చున్నారు. నన్ను దించాలంటే అందర్నీ మొయ్యాలి.

రోడ్డుకి అవతల ఇంకో అద్దాల మేడ. దాని పిట్టగోడ మీద ఇద్దరు ఒక కాలు బయటికి వేసి దిగబోతున్నారు. అక్క లేచి, రెండు చేతులూ నోటికి దోసిలి పట్టి అరిచింది.

"అన్నా! మీ తాడు రెండో కొస ఎక్కడుందో చూసుకోండి!"

వాళ్ళు వెనక్కి తిరిగి చూసుకున్నారు. కాళ్ళు లోపలికి తీసుకున్నారు.