బొట్టు పెట్టిన ఉక్కు గొట్టం

నేను ఒక పగిలిన ఉక్కు గొట్టం ముక్కను. జానెడు పొడవుంటాను. గాజువాకలో పాత ఇనుము కుప్ప మీద ఎండలో పడి ఉన్నాను.

ఉక్కు రేకును గుండ్రంగా చుట్టి, అంచులు కరిగించి అతికితే నేను పుట్టాను. లారీ చక్రాలను తిప్పే షాఫ్టుకు పనికొచ్చే పలచని గొట్టం తయారు చేయాలని, కంపెనీ పరిశోధన విభాగంలో సర్వోత్తమరావు గారు ఏళ్ల తరబడి తంటాలు పడ్డారు. గొట్టం పలచనైతే లారీ బరువు తగ్గుతుంది, డీజిలు మిగులుతుంది. కానీ ప్రతిసారీ అతుకు దగ్గరే పగిలేది. దసరా వెళ్లగానే ఆయన రిటైరవ్వాలి. ఈసారీ పగిలితే ఆ పని మూసేస్తామని పైవాళ్లు చెప్పేశారు.

పరీక్షంటే మరేమీ లేదు, మమ్మల్ని ప్రెస్సు కింద పెట్టి చపాతీలా నొక్కుతారు. అతుకు సరిగ్గా పక్కకు, మడత పడే చోటికి రావాలి. అప్పుడే దాని బలం తేలుతుంది. పైకి అతుకు కనిపించదు గనుక దాని మీద ఎర్ర సుద్దతో గుర్తు పెడతారు.

ఆయుధపూజ నాడు ప్రెస్సు నడిపే సింహాద్రి యంత్రాలన్నీ తడిగుడ్డతో తుడిచాడు. బల్ల మీదున్న నన్నూ, అదే గొట్టం నుంచి కోసిన నా తోబుట్టువునూ తుడిచాడు. సుద్ద గుర్తులు పోయాయి. పసుపు రాసి, తోచిన చోట కుంకుమ బొట్లు పెట్టాడు. ఇవాళ దండం పెట్టి రేపు ప్రెస్సు కింద పెడతారు. మనుషుల భక్తి అలాంటిది.

పండగ వెళ్లాక, సుద్ద తుడిచేసిన సంగతి మరిచి, వెలిసిన బొట్టునే సుద్ద గుర్తనుకుని నా తోబుట్టువును నొక్కాడు. పగల్లేదు.

"బొట్టెట్టీసరికి బుద్దొచ్చీసినాదండి బాబూ దీనికి!" అని గెంతాడు సింహాద్రి.

సర్వోత్తమరావు గారి కళ్లు చెమర్చాయి. ముక్కను చేతిలోకి తీసుకుని లోపల బొటనవేలితో మురిపెంగా తడిమారు. వేలు ఆగిపోయింది. లోపలి వైపు అతుకు సన్నని గట్టులా తగులుతుంది. అది మడత దగ్గర లేదు. ఒత్తిడి తగలని వాలులో ఉంది. ఆ సంగతి ఆయనకు తప్ప అక్కడ ఎవరికీ తెలియదు.

ఆ ముక్కను బల్ల మీద పెట్టేశారు. ఆ తరువాత నన్ను అందించి, "దీన్నీ నొక్కు. అతుకు నేను చూపించిన చోట పెట్టు," అన్నారు.

"పాసైపోనాది కదండీ, మళ్లీ ఎందుకండీ?"

"రేపు లారీ నడిపేవాడికి నేనేం చెప్పను సింహాద్రీ?"

పగలకూడదని ఎంత బిగపట్టుకున్నానో నాకే తెలుసు. టప్పుమని పగిలాను.

ఆ పని అంతటితో ఆగిపోయింది. రిటైరైన రోజు ఆయన నన్ను ఇంటికి తెచ్చుకున్నారు.

"బాగున్న ముక్క ఉండగా పగిలింది తెచ్చుకున్నారేమిటండీ?" అంది భార్య కామేశ్వరమ్మ.

"ఆ బాగున్నదాన్ని చూస్తే సిగ్గేస్తుందే," అన్నారాయన.

కిటికీలో పెట్టుకుని, సాయంత్రాలు నా పగులును వేలితో నిమిరేవారు, ఎక్కడ తప్పిందో అడుగుతున్నట్టు. నాకు తెలిస్తే చెప్పనా? కొన్నాళ్లకు ఆయన పోయారు. తరువాత ఆమె వేలు నిమిరేది.

మొన్న పాత సామాన్లవాడు విరిగిన కూలరు బండిలో వేసుకుంటూ నన్ను చూశాడు. "ఇదీ ఏసీమంటారా అమ్మా?"

ఆమె నన్ను తీసుకుని పగులు మీద వేలుంచి కాసేపు నిలబడింది.

"తీసుకెళ్లు నాయనా. కిటికీలో ఉంటే ఎప్పటికీ పగిలిందిగానే ఉంటుంది. కరిగిస్తే మళ్లీ గొట్టమవుతుందేమో. ఆయన చూడాలనుకున్నది అదే."

రేపో మాపో కొలిమికి వెళతాను. మళ్లీ గొట్టాన్నే అయితే, నన్ను పరీక్షించే వాళ్లకు ఒక్క మనవి. బొట్టు పెట్టినా మానినా, అతుకును పక్కకు తిప్పి నొక్కండి. తప్పుగా పెడితే తడిమి చూడడానికి ఆయన లేరు.