షాపులో ఎవరూ లేరండీ

బియ్యం కడిగేటప్పుడు బియ్యమే కడగమని పుస్తకంలో ఉంది. పూర్ణిమకి మొదట నవ్వొచ్చింది. బియ్యం కడుగుతూ ఇంకేం కడుగుతారు ఎవరైనా? కానీ ఒక రోజు పొద్దున గిన్నెలో చెయ్యి పెట్టి, చూద్దాం సంగతేంటోనని తన మనసుని గమనించింది. చెయ్యి నీళ్ళలోనే ఉంది. మనసు మాత్రం అప్పటికే పప్పుకి తాలింపు పెట్టి, అత్తగారికి షుగరు మాత్ర ఇచ్చి, షాపు షట్టరెత్తి, మేత బస్తాల లారీ కోసం వీధి చివరికి చూస్తోంది. పట్టుకొచ్చి నీళ్ళలో పెట్టింది. పారిపోయింది. మళ్ళీ తెచ్చింది. కాసేపటికి వేళ్ళ సందుల్లోంచి గింజలు జారుతున్నట్టు తెలిసింది. నీళ్ళు చల్లగా ఉన్నాయనీ తెలిసింది. పెళ్ళైన దగ్గర్నుంచీ బియ్యం కడుగుతున్న చేతికి అది కొత్త కబురు.

"ఏంటే, గిన్నె ముందు అట్టా నిలబడిపోయావు?" హాల్లోంచి అడిగింది అత్తగారు రావమ్మ.

"బియ్యం కడుగుతున్నానత్తయ్యా."

"అంతసేపా?"

పుస్తకం నిజానికి ఆమె భర్త రాజేష్‌ది. కోడూరు సెంటర్లో వాళ్ళకి చేపల, రొయ్యల మేత షాపుంది. చెరువుల వ్యాపారంలో టెన్షన్లు పెరిగి అతనికి బీపీ వచ్చింది. ఎవరో స్నేహితుడు చెబితే శనివారాలు బందరులో ధ్యానం క్లాసుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. వచ్చేటప్పుడల్లా ఒక పుస్తకం తెచ్చేవాడు. ఒక్కో దాంట్లో నాలుగు పేజీలు చదివి షాపు కౌంటరు మీద పెట్టేవాడు. తను చదవనా అని పూర్ణిమ అడిగితే, "నీకెందుకే ఇవి? టెన్షన్లు ఉన్నోళ్ళకి. నీకేముంది, ఇల్లు, షాపు, అంతేగా," అన్నాడు. వద్దని మాత్రం అనలేదు. మధ్యాహ్నాలు రైతులు రాని వేళ, బస్తాల నీచు వాసన మధ్య కూర్చుని ఆమె ఒక్కో పేజీ చదువుకునేది. రాసినాయన అడవిలో ఏటి ఒడ్డున ఉంటాడట. పొద్దున్నే లేచి నీటి చప్పుడు వింటూ కూర్చుంటాడట. మరి ఈయనకి అన్నం ఎవరు వండిపెడతారో అని ఆమె ముందు పేజీలూ వెనక పేజీలూ తిరగేసింది. ఎక్కడా రాయలేదు. అయినా పుస్తకం పక్కన పడెయ్య బుద్ధి కాలేదు. మనసు గురించి ఆయన చెప్పిన మాట ఒక్కటీ అబద్ధం కాదు. అది ఎప్పుడూ రెండు పనులు ముందుకి పరిగెడుతూనే ఉంటుంది. దాన్ని ఈ క్షణంలోకి లాక్కొస్తే ఏమవుతుందో చూడాలనిపించింది.

చూస్తే వింతలు బయటపడ్డాయి. టీ తాగేటప్పుడు టీయే తాగితే, తనకి అంత పంచదార అక్కర్లేదని తెలిసింది. అది రాజేష్ రుచి. ఇన్నేళ్ళూ నాలిక మీదకి వెళ్ళకుండానే గొంతులోకి దిగిపోయింది. అన్నం తినేటప్పుడు అన్నమే తిందామని చూస్తే, తను నిలబడి తింటోందని తెలిసింది, అది కూడా పొయ్యి పక్కన, గిన్నెలోంచే. ఈ క్షణంలో ఉంటే ప్రశాంతంగా ఉంటుందని పుస్తకం చెప్పింది. ఆమెకి ప్రశాంతత కంటే ముందు చూపొచ్చింది, చెవులొచ్చాయి. ఇదివరకు ఇంట్లో ఎవరేమన్నా ఆమె అక్కడుంటే కదా వినడానికి. మాట వచ్చి తగిలే వేళకి ఆమె మనసు రేపటి పిండి రుబ్బుతూ ఉండేది.

ఆ వారం శనివారం, రాజేష్ బందరు బయల్దేరుతూ బండి తాళం చేత్తో పట్టుకుని షాపు ముందు ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవతల మేత కంపెనీ మనిషి.

"ఇవాళ లోడు పంపొద్దండీ, నేను క్లాసుకెళ్తున్నా. షాపులో ఎవరూ లేరు. మా ఆవిడ కూర్చునుంటుంది, అంతే."

ఫోన్ జేబులో వేసుకుని, "వస్తా, జాగ్రత్త," అని బండెక్కి వెళ్ళిపోయాడు.

పూర్ణిమ కౌంటరు వెనక కుర్చీలో అలాగే ఉండిపోయింది. ఏదైనా నొప్పి కలిగితే నిన్నలోకీ రేపట్లోకీ పారిపోకుండా, దాని దగ్గరే ఉండి చూడమని పుస్తకంలో ఉంది. చూసింది. అది కోపం కాదు. ఆ మాట అతను ఇవాళే అన్నది కాదు. రోజూ అనేదే, బ్యాంకు వాళ్ళతో, లారీ వాళ్ళతో, చుట్టాలతో. అలవాటుగా, కల్మషం లేకుండా అనేదే. అదే ఆమెకి ఆశ్చర్యంగా ఉంది. ఎవరూ లేని షాపులో బిల్లులు రాసేదెవరు? రొయ్యలు చచ్చి తేలిపోయాయని ఏడ్చుకుంటూ వచ్చిన రైతుకి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టేదెవరు? సరే, నిజంగానే ఎవరూ లేకపోతే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. బియ్యంతో చూసినట్టే.

అన్నం కూరా ఇంట్లో బల్ల మీద ఉన్నాయి. అత్తగారు వడ్డించుకోగలదు. పూర్ణిమ షట్టరు దించి, తాళం వేసి, షాపు ఫోన్ సంచిలో పెట్టుకుని, పాలకాయతిప్ప బీచికి వెళ్ళే ఆటో ఎక్కింది.

"ఒక్కరేనా అమ్మా?" అడిగాడు ఆటో అబ్బాయి.

"ఒక్కదాన్నే."

ఆ సముద్రానికి ఆమె చాలాసార్లే వచ్చింది. వచ్చినప్పుడల్లా చేతిలో పులిహోర గిన్నె, భుజాన నీళ్ళ సీసాలు, కళ్ళు ఇప్పుడు హాస్టల్లో చదువుతున్న పిల్లల మీద. సముద్రం కేసి వీపు పెట్టి అందరికీ వడ్డించేది. ఇవాళ చెప్పులు విప్పి తడి ఇసకలో నిలబడింది. మబ్బు పట్టి ఉంది. కెరటం వచ్చి పాదాల కింద ఇసక లాక్కుపోతుంటే ఒళ్ళు ఝల్లుమంది. నవ్వుకుంది. మళ్ళీ రానిచ్చింది.

చాలాసేపటికి ఫోన్ మోగింది. రాజేష్.

"ఎక్కడున్నావే? షాపు మూసుందని రైతులు నాకు ఫోన్లు చేస్తన్నారు."

"షాపులో ఎవరూ లేరన్నారు కదండీ. సరే అని మూసేశాను."

"నేనెప్పుడన్నాను?"

"పొద్దున. కంపెనీ ఆయనతో."

"అదేదో మాటవరసకన్నానే. దానికేనా?"

"మాటవరసకేనండీ. నాకు ఇవాళే వినపడింది."

"ఇందుకే ఆ పుస్తకాలు నీకెందుకన్నాను."

"మంచి పుస్తకాలండీ. మీరు మొదట్లోనే ఆపేశారు గానీ, ముందుకెళ్ళేకొద్దీ ఇంకా బావున్నాయి," అంది పూర్ణిమ. ఆమె ఎత్తిపొడవలేదు. నిజంగానే చెప్పింది.

తిరుగు ఆటోలో ఉండగా మళ్ళీ ఫోన్. ఉల్లిపాలెం నుంచి ఎవరో కొత్త రైతు.

"రాజేష్ గారి షాపేనాండీ? ఎవరు మాట్లాడేది?"

రాజేష్ గారి మిసెస్‌నండీ, ఆయన లేరు, వచ్చాక చెప్తాను. ఇన్నేళ్ళుగా ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చే జవాబది. ఇప్పుడూ నాలిక చివరిదాకా వచ్చింది. అది రావడం ఆమె చూసింది. వెళ్ళిపోయేదాకా ఆగింది.

"పూర్ణిమనండీ. షాపు నాదే. చెప్పండి, వింటున్నాను."