ఊకొట్టేవాడి వంతు

గాలి వస్తోంది.

సైకిల్ షాపు తలుపులోంచి ఆదివారం పొద్దుటి గాలి. పైకప్పుకి వేలాడదీసిన చక్రాలు ఒకదాని తర్వాత ఒకటి కదులుతున్నాయి. రబ్బరు వాసన, నూనె వాసన. గోడ మీద చువ్వల నీడలు మెల్లగా, తీరుబడిగా తిరుగుతున్నాయి.

కింద మేం ముగ్గురం. డ్రమ్స్ వెనక మెకానిక్, షాపు అతనిదే. కిటికీ దగ్గర గిటార్‌తో మా పళ్ళ డాక్టరమ్మ, నా గురువు. స్టూలు అంచున ఇంకో గిటార్‌తో నేను. పంక్చర్ వేయించుకోవడానికి వచ్చి ఇరుక్కుపోయినవాళ్ళే మా శ్రోతలు.

జాజ్‌లో పాట అందరిదీ. మధ్యలో ఒక్కొక్కరికీ ఒక వంతు వస్తుంది. తాళం ఎనిమిది ఆవర్తాలు తిరిగేంత సేపు. రాసిపెట్టుకున్నది ఉండదు. అప్పటికప్పుడు తోచిందే వాయించాలి.

మూడు ఆదివారాలు నా వంతు వచ్చింది.

మూడుసార్లూ తల అడ్డంగా ఊపాను.

"ఈసారి తప్పించుకోలేరు అంకుల్. మీరు వాయించకపోతే ఆ ఎనిమిదీ ఖాళీగా వదిలేస్తాం. అందరం మీ మొహమే చూస్తూ కూచుంటాం," అంది డాక్టరమ్మ.

ఎవరైనా వాయిస్తుంటే వెనక తోడుగా మీటడం నాకు బాగా వచ్చు. అడ్డు రాను. అతి చేయను. అవతలివాళ్ళు చెబుతూ ఉంటే… ఊఁ. ఊఁ. ఊఁ.

బతుకంతా చేసింది అదే.

కోర్టులో స్టెనోని. ముప్పై ఒక్క ఏళ్ళు ఎవరో చెప్పింది రాసుకున్నాను. ఇంటికొస్తే నా భార్య చెప్పేది. పక్కింటివాళ్ళ గొడవ, ఆరేసిన దుప్పటి ఎగిరిపోయిన వైనం, కలలో ఎదురైన నది. నేను ఊకొట్టేవాణ్ని. మధ్యలో చటుక్కున ఆపి, "ఇప్పుడేం చెప్పాను?" అనేది. పొల్లు పోకుండా అప్పజెప్పేవాణ్ని. పడీ పడీ నవ్వేది.

చివరి ఏడాది ఆమెకి మాట్లాడే ఓపిక తగ్గింది.

"ఇవాళ మీరు చెప్పండి," అంది ఒక మధ్యాహ్నం.

వెతికాను. సరైన మాట కోసం వెతికాను. కిటికీ తెర లోపలికి ఉబ్బింది, వెనక్కి వెళ్ళింది… మాట దొరికేలోపు ఆమె నిద్రపోయింది.

మర్నాడూ అడిగింది. రేపు చెబుతానన్నాను.

ఆమె పోయిన రెండేళ్ళకి గిటార్ కొన్నాను. ఈ వయసులో ఎందుకని ఎవరూ అడగలేదు. అదొక దయ.

పాఠాలు క్లినిక్‌లోనే, మధ్యాహ్నం, రోగులు లేని గంటలో. మొదట్లో నేనొక ఘనకార్యం చేశాను. ఒక రికార్డులోని సోలో మొత్తం షార్ట్‌హ్యాండ్‌లో రాసుకెళ్ళాను — ప్రతి జారుడూ, ప్రతి విరుపూ. ఒక్క తప్పు లేకుండా వాయించాను.

డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. నా పుస్తకం మూసేసింది.

"ఇది సర్టిఫైడ్ కాపీ అంకుల్. స్టాంపు వేసి ఇచ్చేస్తాను. మరి మీదేది?"

పుస్తకం కోసం చెయ్యి చాచాను. ఇవ్వలేదు.

"ముందు పాడండి. పాడిందే వాయించండి. ఏదీ, నోరు తెరవండి. ఇంకా… ఇంకా పెద్దగా."

ఆ గదిలో ఆ మాట విన్నవాళ్ళు బోలెడుమంది. గిటార్ పట్టుకుని విన్నవాణ్ని నేనొక్కణ్నే.

ఇవాళ బయల్దేరుతుంటే మా అమ్మాయి గుమ్మం దాకా వచ్చింది. "నాన్నా, పరువు తీస్తే తీశావు. తాళంలో తియ్యి."

పాట ఒక చుట్టు తిరిగి వచ్చింది.

డాక్టరమ్మ గడ్డం నా వైపు లేచింది.

పైన చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

నోరు తెరిచాను.

మొదటి స్వరమే తప్పు. ఒక్క మెట్టు కింద. పంక్చర్ కోసం నిలబడ్డ పెద్దాయన కూడా కనుబొమ్మలు ఎగరేశాడు.

చెయ్యి ఆగబోయింది.

కానీ — సాక్షి ఆగడు. స్టెనో చెరపడు. తప్పు పడితే పడింది, తర్వాతి మాట వచ్చేస్తోంది.

అదే స్వరాన్ని మళ్ళీ మీటాను. కావాలనే అన్నట్టు. మూడోసారి మీటి, పై మెట్టుకి జారాను…

"ఊఁ!" అన్నాడు మెకానిక్ డ్రమ్స్ వెనక నుంచి. "ఊఁ, తర్వాత?"

నాకు ఇంకొకరు ఊకొట్టడం అదే మొదలు.

తర్వాత… తర్వాత ఏముంది, చెప్పాను. సరైన మాట కోసం ఆగకుండా చెప్పాను.

అమ్మాయి కారు నేర్చుకుంది, మొదటిరోజే మన గేటు ఊడగొట్టింది — లావు తీగ మీద గరగరా. ఎదురింట్లో కవలలు పుట్టారు, ఒకడు ఆపితే రెండోవాడు అందుకుంటాడు — సన్నతీగ, దాని పక్క తీగ, సన్నతీగ. నాకు వంట వచ్చింది, ఉప్పే ఇంకా రాలేదు. నీ కళ్ళజోడు సొరుగులోనే ఉంది…

ఇక్కడ కాసేపు ఏమీ వాయించలేదు.

ఎవరూ తొందరపెట్టలేదు. అదీ ఒక దయే.

మళ్ళీ అందుకున్నాను. పాడుతున్నానో, వాయిస్తున్నానో తెలియలేదు.

ఎనిమిదీ అయిపోయాయి.

తొమ్మిదోదానిలో అడుగు పెట్టేశాను.

"అంకుల్!" డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోతోంది. "మరి మా వంతు?"

"ఉండవమ్మా," అన్నాను. "ఇంకా అవలేదు."

గాలి వస్తోంది. మెడ మీద చెమట చల్లబడుతోంది. వేలు తీగ మీంచి లేచింది — ఎక్కడ దిగుతుందో…