బాలింత మేకకు పథ్యం

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు వానలు ముందుగానే పట్టుకున్నాయి. ఉక్కు కార్ఖానాల ఊళ్లో, సీతారాండేరా బస్తీలో, ఆ గల్లీలో వలసొచ్చిన తెలుగిళ్లు తొమ్మిదుంటే ఆరింటికి మేకలున్నాయి. వానాకాలం వచ్చిందంటే అవి సువర్ణరేఖ ఒడ్డున తడిగడ్డి మేసి కడుపులో పురుగు పట్టించుకునేవి. ముందు పారుడు. తరవాత కంటిరెప్ప తిప్పి చూస్తే లోపల సున్నం రాసినట్టు తెలుపు. ఆఖరికి దవడ కింద నీటిసంచి. సంచి దిగిన మేక బతికి బట్టకట్టడం దాలమ్మ ఇంతవరకూ చూడలేదు.

ఆ ఏడు భయం రెండింతలైంది. కూతురు పద్మకుమారి తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. పురిట్లోనే జ్వరం తగిలి పాలు ఎండిపోయాయి. డబ్బాపాలు పడితే పిల్లకు విరేచనాలు. మేకపాలలో నీళ్లు కలిపి కాచి పడితే అప్పటికి నిలదొక్కుకుంది. అంచేత పిల్ల ప్రాణం ఇంట్లో ఉన్న ఒక్క నల్లమేక పొదుగులో ఉందని దాలమ్మ తీర్మానించుకుంది. లేస్తూనే పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది. అటునుంచి అటే పెరట్లోకి వెళ్లి మేక రెప్ప తిప్పి చూసేది. పిల్ల తుమ్మితే నిమోనియా, ఎక్కువసేపు పడుకుంటే స్పృహ తప్పినట్టు, పడుకోకపోతే గాలి సోకినట్టు. గోల్‌మురి రేకుల కార్ఖానాలో కాంట్రాక్టు పనిచేసే ఆమె మొగుడు అసిరయ్య, ఈవిడ పక్కనుంటే యముడికి కూడా దిగులు పుడతాదని అనేవాడు.

శ్రావణంలో ఒకరోజు మేక రెప్ప వెలవెలబోయింది. దాలమ్మ ఉన్నపళాన బయల్దేరింది. పశువుల ఆసుపత్రికి రెండుసార్లు తిరిగింది. మందు అయిపోయింది, వచ్చే వారం రమ్మన్నారు. ఆ సంగతి విని గల్లీ చివరింటి తవిటయ్య సైకిలు హ్యాండిలుకు చిన్న గోనెసంచి తగిలించుకుని వచ్చాడు.

తవిటయ్యది దేశంలో దాలమ్మ వాళ్ల ఊరి పక్క ఊరే. అన్నయ్యా అని పిలుస్తుంది, వరస కూడా అంతే. ఆదిత్యపూర్‌లో చింతపిక్కలు వేయించి పిండికొట్టే మిల్లులో బట్టీ దగ్గర పనిచేస్తాడు. ఆ పిండి, గోనెగుడ్డ నేసే మిల్లులకు గంజి కోసం పోతుంది. పిక్కల మీది ఎర్రపొట్టు గోడవతల గుట్టగా పడి ఉంటుంది. ఆ గుట్టను నాకే మేకలకు వానల్లో దవడ కింద సంచి దిగకపోవడం తవిటయ్య మూడేళ్లు వరసగా కనిపెట్టాడు. ఒక పశువుల డాక్టరును పట్టుకుని అడిగితే, పొట్టులోని వగరు పురుగుకు పడదని, పురుగు మొత్తం చావకపోయినా బలం తగ్గుతుందని, గుప్పెడు మించి పెడితే మాత్రం మేకకే చేటని చెప్పాడట. కిందటేడు తన మేకలకు పెట్టి చూశాడు. ఈ ఏడు గల్లీలో తనతో, పక్కింటి నూకమ్మతో కలిపి అయిదిళ్లవాళ్లు పెడుతున్నారు. వాళ్ల మేకలు వానలో తడుస్తూ కూడా కుమ్ముకుంటున్నాయి. మిగిలింది దాలమ్మ ఒక్కతే.

"రోజూ పొద్దుట గుప్పెడు, చోకర్ తవుడులో కలిపి పెట్టు సెల్లీ. నెల్లాళ్లు ఆపకు."

"చింతపండు కదా అన్నయ్యా."

"పండు కాదమ్మా, పిక్క మీద తొక్క. దాన్లో పులుపేటుంటది? నోట్లో ఏసుకుని సూడు."

దాలమ్మ నాలుక మీద వేసుకుని చూసింది. నాలుక పీక్కుపోయేంత వగరు, పులుపు ఇసుమంత లేదు. ఉన్నా లేకపోయినా అది చింత. బాలింతకు అయిదో నెల దాకా చింత తగలకూడదు. తగిలితే పాలు విరిగి బిడ్డకు కక్కు పట్టుకుంటుంది. అందుకే పద్మకుమారికి నీళ్లాడించిన రోజే చింతపండు జాడీని అటకెక్కించి గుడ్డ కట్టేసింది. పద్మకుమారికి పాలు లేవు. పాలిచ్చేది మేక. మరి బాలింత ఎవరైనట్టు?

ఆ మాట పైకి అంటే పద్మకుమారి మంచం మీదనుంచి నవ్వింది. "అమ్మా, బక్రీకి కూడా పర్‌హేజ్, పథ్యం ఏటే? రేపు దానికి నడుంకట్టు కూడా కడతావా?" తవిటయ్య కూడా నవ్వాడు. తన భయం వాళ్లకు నవ్వులాట అయిందని దాలమ్మ మనసు చిన్నబుచ్చుకుంది. సంచి మాత్రం తీసుకుంది.

మర్నాడు పొద్దున పొట్టు గుప్పెట్లోకి తీసింది. చోకర్ తట్ట దాకా చెయ్యి వెళ్లింది. లోపల పిల్ల ఏడ్చింది. ఏడ్చింది ఆకలికే. దాలమ్మకు మాత్రం అది హెచ్చరికలా వినబడింది. పెరటిగోడ మీదుగా గుప్పెడూ మురిక్కాలువలోకి వదిలేసి, ఉత్తి చోకర్ మేకముందు పెట్టింది. పెట్టావా అని కూతురు అడిగితే పెట్టానంది. రెండోరోజూ అంతే. తరవాత అది అలవాటైపోయింది. పథ్యం చెడకుండా చూస్తున్నానన్న ధైర్యం ఒకపక్క, పథ్యంతోనే మేక గట్టెక్కుతుందన్న ఆశ ఒకపక్క. దారిలో తవిటయ్య ఎదురుపడి ఎలాగుందని అడిగితే కాస్త తేరుకుందని చెప్పేది.

ఇరవయ్యో రోజున దవడ కింద సంచి దిగింది. ఇరవై మూడో రోజు తెల్లారేసరికి మేక కాళ్లు బారజాపి పడి ఉంది.

పద్మకుమారి పెరట్లోకి వచ్చి చూసి ఒకటే అంది. "ఆ పొట్టే దీన్ని చంపింది." దాలమ్మ నోరు తెరిచింది. ఏడుపు వచ్చింది. పొట్టు మేక నోటికే అందలేదని చెబితే, బిడ్డ పాలు నువ్వే తీసేశావు అంటుంది కూతురు. బిడ్డను చంకనేసుకుని అత్తవారింటికి వెళ్లిపోతుంది. పిల్లను మళ్లీ తన చేతికివ్వదు. ఆ దృశ్యమంతా ఒక్క క్షణంలో కళ్లకు కట్టింది. ఏడుస్తూ ఉండిపోయింది.

మధ్యాహ్నానికి గల్లీ అంతా పాకిపోయింది. నూకమ్మ తన ఇంట్లో ఉన్న పొట్టు సంచి తెచ్చి తవిటయ్య గుమ్మంలో బోర్లించింది. మిల్లు చెత్త తెచ్చి మూగజీవాల మీద పెద్ద డాక్టరువి అయిపోయావా అని నిలదీసింది. మిగతావాళ్లూ తలా ఒక మాట అన్నారు. నిన్నటిదాకా నున్నగా మెరిసిన వాళ్ల మేకలు ఎదురుగానే నిలబడి నెమరేస్తున్నా, వాటి సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

సాయంత్రం తవిటయ్య వచ్చాడు. లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు.

"సెల్లీ, ఒక్క మాట అడుగుతాను. రోజుకెంత పెట్టినావు?"

అసిరయ్య, పద్మకుమారి ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"నువ్వు సెప్పినంతే అన్నయ్యా. గుప్పెడు."

అయితే తప్పు తనదేనని, తనకు తెలిసింది సగమేనని గొణిగి తవిటయ్య వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున చెంబు నిండా మేకపాలు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. "పసిదాని పాలు నా సేత్తో తీసేసినాను. అది అన్నం తినేదాకా నా మేకపాలు దానియ్యే. డబ్బులూసెత్తకు."

దాలమ్మ మొదట అడిగింది మేకకు పొట్టు పెడుతున్నావా అనే. నిన్నటిదాకా పెట్టానని, ఇవాళ్టినుంచి మానేశానని, గల్లీలో అందరూ మానేశారని చెప్పాడు. అంటే ఈ చెంబులో ఉన్నది చింతపొట్టు తిన్న మేక పాలు. పారబోయడానికి లేదు, పద్మకుమారి చూస్తోంది. కాచి పట్టింది. పిల్ల కక్కుతుందని మూడురోజులు కళ్లలో వత్తులు వేసుకుని కూర్చుంది. పిల్ల కక్కలేదు. కడుపునిండా తాగి, పిడికిళ్లు బిగించి హాయిగా నిద్రపోయింది. తను ఏం చేసిందో దాలమ్మకు ఆ మూడురోజుల్లో అర్థమైంది.

అర్థమయ్యాక చెప్పడం ఇంకా కష్టమైంది.

భాద్రపదంలో వానలు విడవలేదు. నూకమ్మ మేకలు రెండింటికి దవడ కింద సంచి దిగింది. అప్పుడు తిన్న పొట్టు విషం ఇప్పుడు బయటపడుతోందని ఆమె దాలమ్మ దగ్గరే కూర్చుని ఏడ్చింది. దాలమ్మ ఆమె వీపు నిమిరి, అంతేనమ్మా అంది. తవిటయ్య తెచ్చే పాలు చెంబునుంచి ముప్పాతికకు, ముప్పాతికనుంచి సగానికి వచ్చాయి. దాలమ్మ రోజూ చెంబు అందుకుంటూనే లోపలికి తొంగి చూసేది. పాలు ఎక్కడికి దిగితే ఆమె గుండె అక్కడికి దిగేది. పశువుల ఆసుపత్రిలో మందు ఇంకా రాలేదని అసిరయ్య కనుక్కుని వచ్చి చెప్పాడు.

అమావాస్య వెళ్లిన మర్నాడు తవిటయ్య చెంబు అడుగున నాలుగు వేళ్ల పాలు తెచ్చాడు.

"రెప్ప తెల్లబడిపోనాది సెల్లీ. మిల్లుకాడ పొట్టు గుట్ట సూత్తే సెయ్యి పీకుతన్నాది, గుప్పెడు తెచ్చి ఏద్దునా అని. మల్లీ నీ మేక గుర్తొత్తాది. నువ్వు సెప్పు. నువ్వు పెట్టమంటే పెడతాను."

లోపల పద్మకుమారి పిల్లకు తల దువ్వుతూ ఏదో హిందీ పాట కూనిరాగం తీస్తోంది. ఆ రాగం గుమ్మందాకా వినబడుతోంది. ఇక్కడి మాట అక్కడికీ అలాగే వినబడుతుంది.

దాలమ్మ చెంబు రెండు చేతులతో పట్టుకుంది.

"వద్దన్నయ్యా. మనకెందుకొచ్చిన ఇసం."

తవిటయ్య తలూపాడు. పిల్లకు పాలు చాలకపోతే నీళ్లు కాస్త ఎక్కువ కలపమని చెప్పి సైకిలెక్కాడు. దాలమ్మ వంటింట్లోకి వెళ్లి ఆ నాలుగు వేళ్ల పాలు గిన్నెలో వంచింది. వాటికి మూడింతలు నీళ్లు పోసి, పొంగకుండా చూస్తూ పొయ్యి ముందు కూర్చుంది.