తమ్ముడి స్లాబు మీద బరకం

నా తమ్ముడు కన్నారావు నాకు అన్యాయం చేశాడు. మా చర్చి సంఘ పెద్దలకు ఈ మాట రుచించదు. క్షమించినవాడు ఇంకా ఎందుకు చెప్పుకుంటాడని అడుగుతారు. అడగనీండి.

నర్సీపట్నంలో రోలుగుంట పోయే రోడ్డు పక్కన మా నాన్న కొన్న స్థలం ఉండేది. నాన్న మంచం పట్టిన ఏడు, నేను పనికి పోయిన పూట చూసి, కన్నారావు ఆయన్ని ఆటోలో రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోయి వేలిముద్ర వేయించుకున్నాడు. స్థలమంతా వాడి పేర అయిపోయింది. నాన్న పోయాక గానీ నాకు తెలియలేదు.

నా పేరు దేవుళ్లు, తాపీమేస్త్రీని. ఐదో తరగతిలో బడి మానేసి తాపీ పట్టాను. ఊళ్లో ఎవరెవరికో డాబాలు కట్టాను. నాది మాత్రం పాక. కారుతుంటే పైన టార్పాలిన్ బరకం కప్పి తాళ్లతో కట్టుకున్నాం. రెండువేల ఒకటిలో కన్నారావు ఆ స్థలంలో డాబా మొదలెట్టాడు. నన్ను పిలవలేదు సరికదా, యలమంచిలి నుంచి మేస్త్రీని తెచ్చుకున్నాడు. నేను పనికి పోయేది ఆ రోడ్డునే. గోడ లేస్తున్నకొద్దీ నాకు అన్నం సయించేది కాదు. ఎక్కడన్నా వంకర ఉందేమోనని సైకిలు ఆపి చూసేవాణ్ణి. ఉండేది కాదు. అది ఇంకా మంట.

మా పాస్టరు రాజాబాబు గారితో చెప్పాను.

"అయ్యగారూ, ఆడి ఇల్లు కూలిపోవాలనిపిస్తందండి."

"అయితే రోజూ పొద్దున్నే ఆడి పేరు పెట్టి దీవించమని దేవుణ్ణి అడుగు."

"పళ్లు కొరుక్కుంటూనా?"

"కొరుక్కో. అడగడం మాత్రం మానకు."

అడిగాను. 'ప్రభువా, కన్నారావుని' అనేదాకా వచ్చేది, 'దీవించు' అన్న మాట మాత్రం వచ్చేది కాదు. కొన్నాళ్లకు అదీ బయటికి వచ్చింది. అన్నది నా నోరే, నేను కాదు. ఆ సంగతి కూడా ప్రభువుకే చెప్పుకున్నాను.

స్లాబు పోసిన రోజు సాయంత్రం కొండల మీంచి మబ్బు దిగింది. యలమంచిలి వాళ్లు అప్పటికే బస్సెక్కి పోయారు. పచ్చి స్లాబు మీద జడివాన పడితే సిమెంటు కొట్టుకుపోతుంది, ఇక ఆ ఇల్లు ఎప్పటికీ కారుతుంది. అది తెలిసే మా పాక అరుగు మీద కూర్చున్నాను. లోపల పండగలా ఉంది. ఆ పండగ చూసి నాకే భయమేసింది. పొద్దున దీవించమని అడిగి, సాయంత్రం మబ్బును చూసి మురిస్తే పొద్దున్నది దొంగప్రార్థనే. మోసం చెయ్యడం మా ఇంట్లో ఒకడికి వచ్చు, చాలు. లేచి పాక ఎక్కి బరకం తాళ్లు విప్పాను.

నా భార్య దేముడమ్మ బయటికి వచ్చింది. "మన నెత్తిమీదది పీకి ఆడి నెత్తిన కప్పుతావేటి? నీకు మతి గానీ పోయిందా?"

"పోయిందే. గిన్నెలు సర్దు, కారతాది."

కన్నారావు స్లాబు అంచున నాలుగు గోనెసంచులు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. నన్ను చూసి నిలబడిపోయాడు.

"అన్నయ్యా, నువ్వా?"

"నేను కాక నీ యలమంచిలి మేస్త్రీ వస్తాడేటి? గడకర్రలు అడ్డమెట్టు. బేగి ఆ కొస పట్టు."

"బరకానికి ఎంతివ్వమంటావు?"

"నోర్ముయ్. రాయెట్టు దాని మీద."

వాన దంచికొట్టింది. మా పాకలో చుక్క పడని చోటు లేదు. దేముడమ్మ తిడుతూనే గిన్నెలు మార్చింది. నా బుర్రలో మాత్రం కన్నారావు స్లాబు, బరకం అందని మెట్ల వైపు మూల ఒక్కటే ఉంది. అక్కడికి నీళ్లు చేరాయేమోనని. చేరాలని కాదు. అప్పుడు తెలిసింది నాకు, మంట పోయిందని.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ కన్నారావు లేచాడు. "మా అన్నయ్య స్థలం గొడవ మర్సిపోయేడండి. దేవుడికి స్తోత్రం."

అందరూ స్తోత్రం అన్నారు. సంఘ పెద్ద తాతబ్బాయి గారు నా వైపు తిరిగారు. "నువ్వూ ఓ మాట సెప్పు, దేవుళ్లూ."

లేచాను. "ఆడి ఇల్లు సూస్తే ఇప్పుడు నాకు మంట లేదండి. దేవుడు తీసేసేడు. ఆడి పిల్లలు ఆ డాబాలో సల్లగా ఉండాల. మర్సిపోయేనన్నది మాత్రం అబద్ధం."

"అయ్యన్నీ ఇక్కడెందుకురా? కూకో."

"దేవుడి మందిరంలో కాకపోతే నిజం ఇంకెక్కడ సెప్పాలండి?"

కన్నారావు తల దించుకున్నాడు. నేను కూర్చోలేదు.

"స్థలం మొత్తం ఎనిమిది సెంట్లు. నాకు పోయింది రోడ్డు వైపు నాలుగు సెంట్లు."