త్సిమ్‌త్సుమ్‌కి ఒక వాక్యం

ఎవరో తుమ్మబోయి ఆపుకున్నట్టుంది, అనుకుంది వాక్యాలావిడ ఆ మాట చూసి. నిఘంటువుల ఆఫీసులో ఆవిడకి ఆ పేరే స్థిరపడిపోయింది. ఇంగ్లీషు మాటలకి అర్థాలు వేరేవాళ్లు రాస్తారు, వాటిని వాడి చూపించే ఇంగ్లీషు వాక్యాలు ఈవిడ రాస్తుంది. ఎంత మొండి మాటనైనా టీ చల్లారేలోపు వాక్యంలో కూర్చోబెట్టేస్తుందని పేరు. ఈ త్సిమ్‌త్సుమ్ మాత్రం పొద్దుటి నుంచీ ఆవిడకి చుక్కలు చూపిస్తోంది.

అర్థం తెలియక కాదు. యూదుల మార్మిక విద్యలోని మాట అది. సృష్టికి ముందు అంతటా దేవుడే నిండి ఉన్నాడట. ఇంకేదైనా పుట్టాలంటే చోటేదీ? అందుకని ఆయన తనలోకి తాను ముడుచుకుని కాస్త ఖాళీ చేశాడట. ఆ ముడుచుకోవడమే త్సిమ్‌త్సుమ్. "పండితుడు త్సిమ్‌త్సుమ్ గురించి చాలాసేపు మాట్లాడాడు" అని ఇంగ్లీషులో రాసి పంపించి చేతులు దులుపుకుంది. వెంటనే పెద్ద ఎడిటర్ ఫోన్ చేశాడు. ఆయన్ని ఆఫీసంతా చాటుగా కత్తెర అంటారు.

"ఇందులో త్సిమ్‌త్సుమ్ తీసేసి గొడుగు పెట్టండి. పండితుడు గొడుగు గురించి చాలాసేపు మాట్లాడాడు. వాక్యం నిక్షేపంగా ఉంది కదా? అంటే మీ మాట అందులో ఏ పనీ చెయ్యట్లేదన్నమాట. మామూలు మనుషుల్ని పెట్టి రాయండి. సాయంత్రానికి కావాలి."

ఆవేళ ఇంటి నుంచే పని. సోఫా నిండా కాయితాలు పరుచుకుని కూర్చుంది. లేచింది. కిటికీ తెరిచింది, చప్పుడని మూసింది, ఉక్కపోతని మళ్లీ తెరిచింది. నిజానికి ఆవిడకి కుదురు లేకుండా చేస్తున్నది ఆ మాట కాదు, కూతురు.

కూతురికి నత్తి. చిన్నప్పటి నుంచీ దాని నోట్లో మాట చిక్కుకున్నప్పుడల్లా మిగతాది తల్లే అందించేది. కొట్లో, బళ్లో, డాక్టరు దగ్గర, చుట్టాల మధ్య. వాక్యాలతో బతికే మనిషికి సగంలో ఆగిన వాక్యం కనిపిస్తే నోరు ఊరుకోదు మరి. ఇప్పుడా పిల్లకి దూరపు ఊళ్లో, మ్యూజియంలో పాత చిత్రపటాలు బాగుచేసే ఉద్యోగం వచ్చింది. చేరేదీ మానేదీ ఈ సాయంత్రంలోగా చెప్పాలి. ఆదివారం భోజనాల దగ్గర, "అమ్మా, నేను ఇక్కడ ఉం... ఉం..." అంది. "ఉండనంటావు, అంతేగా" అని తల్లి ఠక్కున అందించేసింది. ఉంటాను అన్న మాటా ఉం తోనే మొదలవుతుందని అప్పుడు తట్టలేదు. కూతురు కంచం తీసుకుని లేచిపోయింది. అప్పటి నుంచి పలుకు లేదు. ఉప్పు కావాలన్నా పక్క గదిలోంచి మెసేజే.

ఉంటానని చెప్పబోయిందేమో, నోటి దాకా వచ్చినదాన్ని తనే చెడగొట్టుకుందేమో. ఆ ఆశ ఆవిడని పీక్కుతింటోంది.

"బస్సులో లావుపాటాయన త్సిమ్‌త్సుమ్ వల్ల నాకు సీటు దొరికింది" అని రాసి కొట్టేసింది. దేవుణ్ణి బస్సెక్కించినట్టుంది. "టీచరు త్సిమ్‌త్సుమ్ వల్లే పిల్లలకి నోరొచ్చింది" అని రాయబోయి, చెయ్యి రాక ఆపేసింది.

తలుపు తెరుచుకుంది. కూతురు చెప్పులు విడిచి, సంచీ కూడా దించకుండా సోఫా ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నేను ఇక్కడ ఉం..."

రెండు మాటలూ తల్లి నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. పెదవి కొరుక్కుంది. కూతురి మెడ నరాలు బిగుసుకున్నాయి, కళ్లు మూతపడ్డాయి. దానికింత సేపు పడుతుందని ఇన్నేళ్లలో తల్లికి తెలియదు, ఎప్పుడూ చివరిదాకా చూడలేదు కనక.

"ఉం... ఉండను."

ఆదివారం తను అందించిన మాటే.  నేను చెప్పలేదూ అన్నది గొంతు దాకా వస్తే మింగేసింది. ఆవేళ ఆ మాట తనది, ఇవాళ దానిది. ఆ తేడా తెలుస్తూనే ఉంది, ఏడుపూ వస్తూనే ఉంది.

కూతురు ఇంకా అక్కడే ఉంది.

"అమ్మా, కాస్త జ... జ..."

జాగ్రత్తగా ఉండు అంటుంది కాబోలు, అప్పుడే అప్పగింతలు మొదలుపెట్టింది, అనుకుంది తల్లి. అయినా నోరు మెదపలేదు.

"జరుగు."

తల్లి తెల్లబోయి చూసింది. తర్వాత కాయితాలు పోగేసి ఒళ్లో పెట్టుకుని, మోకాళ్లు దగ్గరికి తీసుకుని, సోఫా మూలకి జరిగింది. ఖాళీ అయిన చోట కూతురు కూర్చుని, ఆ ఊరి సంగతులు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. మధ్యలో ఫోన్ మోగితే, కత్తెరదని తెలిసీ తల్లి తియ్యలేదు.

వాక్యం ఆలస్యంగానే వెళ్లింది. "తల్లి త్సిమ్‌త్సుమ్ చేశాకే కూతురి మాట పూర్తయింది." పంపేముందు అందులో గొడుగు పెట్టి చూసింది ఆవిడ. ఇమడలేదు.